అయిదు ముక్కల తెల్ల గుడ్డ

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. గురజాల కోర్టు ఎదురుగా చిన్న కొట్టు పెట్టుకుని ముప్పై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాను. మొదట్లో చేత్తో రాసేవాణ్ణి, ఇప్పుడు కంప్యూటర్లో కొడుతున్నాను. పొలం తగాదా దగ్గర్నుంచి వితంతు పింఛను దాకా, కాగితంతో పనిపడ్డ ప్రతివాడూ సగం కాగితాలు తెచ్చి సగం ఇంట్లో మరిచి నా దగ్గరికే వస్తాడు. వాళ్లతో వేగి వేగి నా నోరిలా తయారైందని నేనంటాను. పుట్టుకతోనే అంతని మా ఆవిడ కరుణమ్మ అంటుంది.

కాశింబీ మీద మాత్రం ఆ జనవరి దాకా నేనెప్పుడూ అరవలేదు. ఆమె మా కొట్టు వెనక సందులో పరుపులు కుడుతుంది. దూదేకుల వాళ్లు. నమాజు అరబ్బీలో, మిగతాదంతా మనలాగే తెలుగులో. మొగుడు మౌలాలి పోయి పదకొండేళ్లయింది. పిల్లల్లేరు. అతను పోయినప్పుడు పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోతామన్నారు. ఆమె వెళ్లలేదు. అత్త పీరాంబీ దూది ఏకుతుంటే ఈమె పరుపు గుడ్డ కుట్టేది. కొన్నాళ్లకు అత్తకు ఆయాసం పట్టుకుంది. అరవై ఏళ్లు దూది దుమ్ము పీల్చిన ఛాతీ మరి. అప్పటి నుంచి ఏకడం, కుట్టడం, అత్తకు నీళ్లు పోయడం, అన్నీ కాశింబీవే.

ఆ జనవరిలో ఒక సోమవారం పొద్దున నేను షట్టరు సగం ఎత్తేసరికే వచ్చి నిలబడి ఉంది. ఉమ్రా యాత్రకని మక్కా వెళ్లి ముందురోజే తిరిగొచ్చిన మనిషి. మొహంలో ఆ కళేమీ లేదు. చేతిలో చిన్న చీటీ ఉంది.

"బాబూరావన్నా, దీంట్లో ఏం రాసుందో చదివిపెట్టు. నిదానంగా చదువు. నాకు భయంగా ఉంది."

చదివాను. విమానం కంపెనీ వాళ్లిచ్చిన ఫిర్యాదు రసీదు అది. ఒక సంచి, పచ్చరంగు, రాలేదు. కింద పది అక్షరాల నంబరు. అంతే.

"ఓసి దీనికేనా! సంచి పోయింది, మనిషి పోలేదుగా. ఏముంది దాంట్లో, ఖర్జూరాలా?" అని నవ్వాను.

"మా అత్త కఫన్ ఉందన్నా" అంది.

నవ్వు ఆపేశాను. ముప్పై ఏళ్లుగా ఆ వీధిలో ఉన్నవాణ్ణి, నాకు తెలుసు. కఫన్ అంటే చనిపోయినవాళ్లకు చుట్టే తెల్లగుడ్డ. మగవాళ్లకు మూడు ముక్కలు, ఆడవాళ్లకు అయిదు. మక్కా వెళ్లినవాళ్లు తమకో, ఇంట్లో పెద్దవాళ్లకో ఆ గుడ్డ అక్కడే కొని, అక్కడి పవిత్రమైన జంజం బావి నీళ్లలో తడిపి, ఆరబెట్టి తెచ్చుకుంటారు. రోజు వచ్చేదాకా బీరువాలో దాచుకుంటారు.

అసలు ఈ ప్రయాణం అత్తాకోడళ్లు ఇద్దరూ కలిసి చేయాల్సింది. బయల్దేరే ముందు పీరాంబీకి ఆయాసం ఎక్కువై మంచం దిగలేకపోయింది. కోడలు తానూ ఆగిపోతానంటే ముసలమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు పోయిరాయే. నన్ను తీసుకుపోలేకపోయినా నా గుడ్డన్నా ఆడికి పోయొచ్చిద్ది" అందట. అత్త దగ్గర ఆడబిడ్డను తోడు పెట్టి కాశింబీ ఒక్కతే వెళ్లింది. అక్కడ గుడ్డ కొని, బసలో జంజం నీళ్లలో తడిపి, గదిలో తాడు కట్టి ఆరేసి, పక్కమంచం ఆవిడ చెయ్యి కూడా తగలకుండా రెండు రోజులు కాపలా కాసిందట.

అంత జాగ్రత్తపడ్డదానివి చేతిసంచిలో పెట్టుకోవచ్చుగా అని ఆ రోజు మొదటిసారి ఆమె మీద అరిచాను. అప్పుడు చెప్పింది. వెళ్లేటప్పుడు విమానంలో చేతిసంచిని ముందు సీటు కింద, కాళ్ల దగ్గర పెట్టించారట. తిరిగొచ్చేటప్పుడూ అట్లాగే పెట్టమంటారనుకుంది.

"కఫన్‌కు కాళ్లు తగలనిస్తానా అన్నా? అందుకని పెద్దసంచిలో, అన్నిటికన్నా పైన పెట్టా" అంది.

తలకు పైన కూడా అరలుంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనయినా ఏం చెప్పగలను, నేనింతవరకు విమానం ఎక్కలేదు.

హైదరాబాదులో దిగాక అందరి సంచులూ వచ్చాయట. గుంటూరు నుంచి ఈ గుంపును తీసుకెళ్లిన ఏజెంటు ఇక్బాల్ నలభై రెండు మందికీ ఒకే రకం పచ్చసంచులు పంచాడు. ప్రతి సంచీ తనదే అనుకుని ఈమె చెయ్యి చాపడం, పేరు చూసి వెనక్కి తీసుకోవడం. జంజం డబ్బాలు కూడా వచ్చేశాయి. బెల్టు ఖాళీగా తిరిగి తిరిగి ఆగిపోయింది. "వచ్చేస్తుందిలే అక్కా, బస్సు వెయిటింగు" అని ఇక్బాల్ తొందరపెట్టాడు. కాశింబీ కదల్లేదు. బస్సులో వాళ్లు విసుక్కుంటున్నా కౌంటరు దగ్గర నిలబడి, ఆ చీటీ చేతికిచ్చేదాకా ఉంది. ఆమె నోట్లో నాలుక లేదనుకునేవాళ్లం గానీ పట్టు పడితే వదిలే మనిషి కాదు.

ఇంటికొచ్చేసరికి అత్త మాట పీలగా వినిపించింది. అప్పటికప్పుడు నరసరావుపేట తీసుకెళితే డాక్టరు ఛాతీ ఫోటో తీసి చూసి, కాశింబీని బయటికి పిలిచి చెప్పాడు. పది రోజులు, మహా అయితే పదిహేను. ఇంటికి తీసుకెళ్లి కావలసింది పెట్టండి.

ఇదీ ఆమె భయం. సంచి ముందొస్తుందా, అత్త ముందు పోతుందా. పోతే, బతికినన్నాళ్లూ ఆ ముసలమ్మ అడిగిన ఒకే ఒక్క వస్తువు లేకుండా పోతుంది. శుభ్రమైన తెల్లగుడ్డ ఏదైనా చాలని మసీదు హజ్రత్ గారు ఇంటికొచ్చి మరీ చెప్పారు. పీరాంబీ ఆయన మాటకు ఎదురు చెప్పలేదు. ఆయన గడప దాటగానే కోడలితో అంది:

"ఆయనకేం తెలుసే. నా గుడ్డ వచ్చిందాకా నేను యాడికీ పోను."

కాశింబీది బటన్ల ఫోను. అందుకని విమానం కంపెనీకి నా నంబరు, నా మెయిలు ఇచ్చాము. రోజూ పొద్దున్నే ఆ పది అక్షరాల నంబరు కొట్టి చూసేవాణ్ణి. రోజూ ఒకటే మాట: వెతుకుతున్నాము. ఫోను చేస్తే పాట పెట్టేవాళ్లు. పాట అయ్యాక ఒక అమ్మాయి ఇంగ్లీషులో మీ ఓర్పుకు కృతజ్ఞతలు అనేది. నాకు ఓర్పు ఎక్కడుంది! అరిచేవాణ్ణి. ఆ అమ్మాయి మళ్లీ అదే మాట అదే గొంతుతో అనేది.

కాశింబీ రోజుకు రెండుసార్లు వచ్చేది. నేను తల అడ్డంగా ఊపగానే వెనక్కి పరిగెత్తేది. కూర్చోమంటే కూర్చోదు. ఈ లోపల అక్కడ ఏమవుతుందోనని భయం. ఒకరోజు మధ్యాహ్నం ఆమె పాస్‌పోర్టు జిరాక్సు కోసం నేనే ఇంటికెళ్లాను. ముసలమ్మ పడుకుని ఉంది. కాశింబీ పక్కనున్న గోతంలోంచి చిటికెడు దూది తీసి, పోగులా లాగి, అత్త ముక్కు దగ్గర పట్టుకుని చూస్తోంది. దూది ఊగింది. ఈమె అప్పుడు ఊపిరి తీసుకుంది.

"గంటకోసారి చూస్తా అన్నా" అంది నన్ను చూసి సిగ్గుపడుతూ.

ఆ రోజు నుంచి నాకూ భయం పట్టుకుంది. పరాయి మతం, పరాయి మనిషి, నాకెందుకు చెప్పండి. అయినా తెలియని నంబరు నుంచి ఫోనొస్తే సంచి గురించేమోనని గుండె దడ, కాశింబీ నంబరు నుంచి వస్తే అంతకు రెట్టింపు దడ. కరుణమ్మ మా ఇంటి ప్రార్థనలో పీరాంబీ పేరు కూడా చేర్చింది. దేవుడికి ఏమని చెప్పుకోవాలో తెలియక, "ప్రభువా, ఆ సంచి తెప్పించు" అనేది.

పది రోజులు గడిచాయి. పదిహేను గడిచాయి. ముసలమ్మ ఉంది. గంజి తాగుతోంది, రోజుకోసారి సంచి సంగతి అడుగుతోంది. ఇరవై ఒకటో రోజు దాటాక విమానం కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. ఇన్ని రోజులైనా దొరకని సంచిని పోయినట్టే లెక్కిస్తారట. నష్టపరిహారం కోసం జతచేసిన ఫారం నింపమన్నారు. సంచిలో ఉన్న ఒక్కో వస్తువు పేరు, ఎప్పుడు కొన్నారు, వెల ఎంత, బిల్లుందా. నాకు ఫారం చూడగానే ప్రాణం లేచొచ్చింది. నా విద్య అదేగా.

కాశింబీని కూర్చోబెట్టి మొదలుపెట్టాను. చీరలు రెండు. దుప్పటి ఒకటి. నమాజు చేసుకునే జానమాజులు మూడు. తస్బీ పూసల దండలు, పంచిపెట్టడానికి. ఖర్జూరాలు అయిదు కిలోలు. అన్నిటికీ వెల చెప్పింది. చివరికి కఫన్ దగ్గర ఆగింది.

"దానికి వెల రాయొద్దన్నా."

"వెల లేకపోతే వాళ్లు పైసా ఇవ్వరు."

"ఇవ్వకపోతే పోనీ. డబ్బు తీసుకున్నానంటే మా అత్త కఫన్ అమ్ముకున్నట్టే గదా."

ఇంక నా నోరు ఆగలేదు. అసలు ఆ గుడ్డ కోసమే ఇంత గొడవ అయితే దాని ఊసే లేకుండా ఫారం ఏమిటని కేకలేశాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకోలేదు. ఫారం చివర సంతకం పెట్టే చోటు చూపించి అడిగింది.

"ఇక్కడ సంతకం పెడితే, వెతకటం ఆపేస్తారా?"

ఆ గడి పైన చిన్న అక్షరాల్లో రాసి ఉంది, ఈ మొత్తంతో ఈ వ్యవహారం ముగిసినట్టు ఒప్పుకుంటున్నానని. మూడుసార్లు చదివాను. ఆపుతారో ఆపరో నాకు తెలియలేదు. అన్నీ తెలుసని ఊరంతా చెప్పుకునేవాణ్ణి, తెలియదమ్మా అన్నాను. ఆమె సంతకం పెట్టలేదు. పెడితే అత్త కఫన్ పోయిందని తనే రాసిచ్చినట్టు అవుతుందని భయం.

సంతకం లేకుండా, పరిహారం మాట ఎత్తకుండా, వస్తువుల జాబితా మాత్రం ఒక ఉత్తరంతో పంపాను. చివరి వరుసలో ఇలా కొట్టాను: కుట్టని తెల్లగుడ్డ, అయిదు ముక్కలు, నీలం తెలుపు చారల పరుపు గుడ్డ పేలికతో కట్టి ఉంది, వెల లేదు. పేలిక సంగతి కాశింబీయే చెప్పింది. ఇంటి నుంచి తీసుకెళ్లిందట, అత్త చేత్తో చింపిన పేలిక.

ముప్పై ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. విమానం మారిన ఊళ్లో, గోడౌన్‌లో చీటీ ఊడిపోయిన పచ్చసంచి ఒకటి పడి ఉందట. తెరిచి చూస్తే పైనే చారల పేలికతో కట్టిన తెల్లగుడ్డ ఉందట. నా జాబితాతో సరిపోయింది. రెండు రోజుల్లో మనిషి చేతికిచ్చి పంపుతామన్నారు. షట్టరు దించడం కూడా మరిచి సందులోకి పరిగెత్తాను. కాశింబీ వాకిట్లో పరుపు కుడుతోంది.

"దొరికింది! నీ సంచి దొరికిందే అమ్మాయ్!"

ఆమె చేతిలో దబ్బనం ఆగిపోయింది. లోపలికి చూసింది. చెయ్యెత్తి నా నోరు మూసినంత పని చేసి, నన్ను సందు చివరికి లాక్కొచ్చింది.

"గట్టిగా అనమాక అన్నా. దాన్ని తేవొద్దని చెప్పు."

నాకు అర్థం కాలేదు. పిచ్చెక్కిందా అన్నాను.

"డాక్టరు పదిహేను రోజులన్నాడు. ఇవ్వాల్టికి ముప్పై ఎనిమిది. గంజి తప్ప ఏం పోవటం లేదు లోపలికి. ఆమె దేన్ని పట్టుకొని ఉందనుకున్నా? ఆ సంచిని పట్టుకొని ఉంది. అది ఇంటికొస్తే ఇంక ఆమెకు ఈడ పనేముందన్నా?" అంది. "నాకు ఆమె తప్ప ఎవరున్నారు?"

సంచి రాకుండా ఆపడం నా వల్ల కాలేదు. రెండు రోజులకు హైదరాబాదు నుంచి మనిషి తెచ్చి నా కొట్లో దించాడు. కాశింబీ వచ్చి సంతకం పెట్టింది, సంచి మీద చెయ్యి కూడా వేయలేదు. కోర్టు కాగితాల బీరువా వెనక పెట్టి పైన గుడ్డ కప్పాను. సంచి ఆలస్యమైనందుకు కూడా పరిహారం అడగొచ్చు, అందిన తేదీ వేసి మూడు వారాల్లోగా రాయాలని చెప్పాను. ఆ ఊసెత్తొద్దంది.

భయం పోతుందనుకున్నాను, రెట్టింపైంది. ఇంతకుముందు సంచి ఎక్కడో సముద్రం అవతల ఉంది, ఎవరి తప్పూ లేదు. ఇప్పుడు నా కొట్లో ఉంది. ఈ లోపల ముసలమ్మకు ఏమైనా అయితే, నాలుగు అడుగుల దూరంలో గుడ్డ పెట్టుకుని ఆమెను ఆశ తీరకుండా పంపిన పాపం మా ఇద్దరిదీ. కొట్టు తాళంచెవి ఒకటి కాశింబీకి ఇచ్చి ఉంచాను. ఒక సాయంత్రం చూడబోతే పీరాంబీ నా గొంతు గుర్తుపట్టింది.

"బాబూరావూ, నా సంచి సంగతేంది?"

"వెతుకుతున్నారు పిన్నమ్మా" అన్నాను. ఆ మాట నా నోటికి ఇంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు.

"వెతకనీ. నేనుండానుగా" అంది ముసలమ్మ, ధైర్యంగా.

తొమ్మిదో రోజు పొద్దున కాశింబీ కొట్టుకు వచ్చింది. తలస్నానం చేసి ఉంది.

"నిన్న రోజంతా అత్త సంచి సంగతి అడగలేదన్నా. ఇయ్యాల కూడా అడగలేదు. ఇంక దాచలేను, పట్టుకురా" అంది.

సంచి మోసుకుంటూ ఆమె వెనక వెళ్లాను. నలభై ఏడు రోజుల తర్వాత ఆ ఇంటి గడప దాటింది అది. కాశింబీ జిప్పు తీసి, రెండు చేతులతో ఆ మూట తీసి, అత్త పక్కలో పెట్టింది.

"అత్తా, నీ గుడ్డ వచ్చింది."

పీరాంబీ కళ్లు సరిగా ఆనవు. చేతులకు తెలుస్తుంది. ముందు పేలికను తడిమింది. ముడి విప్పమంది. ఒక్కో ముక్కా అంచు పట్టుకుని, బొటనవేలితో రాసి చూసింది. అయిదూ లెక్కపెట్టింది. ఒకదాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. "మంచి గుడ్డే. నేత దగ్గరగా ఉంది" అంది. నేనూ కాశింబీ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఇప్పుడే ఏమన్నా జరుగుతుందేమోనని ఇద్దరం మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాం.

ముసలమ్మ ఉన్నట్టుండి గుడ్డను పక్కకు నెట్టేసింది. కోడలి మణికట్టు దొరకబుచ్చుకుంది.

"కట్టెయ్యవే. కట్టి యాడన్నా పెట్టు, నాకు తగలకుండా. నాకు భయంగా ఉందే కాశింబీ."

కాశింబీ మంచం మీద కూలబడి అత్తను గుండెకు పొదువుకుంది. అప్పుడు ఏడ్చింది, నలభై ఏడు రోజుల ఏడుపంతా. ముసలమ్మ ఏడవలేదు. కోడలి భుజం మీద నుంచి నేనున్న వైపు మొహం తిప్పి, ఆయాసపడుతూ అంది:

"బాబూరావూ, అది వచ్చిందని ఎవరికీ చెప్పమాక. ఆ ఇమానం వాళ్లకు నువ్వు ఇంకో కాగితం రాయి. ఇంకా వెతకమని రాయి."

"ఇప్పుడే రాస్తాను పిన్నమ్మా" అన్నాను.